మామగారి వాచీ, నా తిరుగుడు పెట్టె

మా మామగారి ఎడమ చేయి పొల్లాచ్చిలో విరిగింది. విరిగిన చేతి గురించి ఆయన ఒక్క పూట కూడా బాధపడలేదు. బాధంతా ఆ చేతికున్న వాచీ గురించే.

విరిగిన వైనం ముందు చెప్పాలి. బంధువుల కొబ్బరితోటకు వెళ్ళారు. అక్కడొకతను గునపం నేలలో పాతి, దాని మొన మీద కాయలు ఒలుస్తున్నాడు. అతని చేతులు మన కంటికి కనబడవు, ఒలిచిన కాయలు ఎగిరి కుప్పలో పడడం మాత్రమే కనబడుతుంది. అంత వేగం. అలాంటి మనిషికి కాయ ఎలా ఒలవాలో మా మామగారు నేర్పడం మొదలుపెట్టారు. ఆయన కోయంబత్తూరులో నలభై ఏళ్ళు స్పిన్నింగ్ మిల్లులో ఉండి, మాస్టరుగా రిటైరైన మనిషి. ఎదుటివాడు చేసే పనిని సరిదిద్దకపోతే ఆయనకు తిన్నది అరగదు. పాఠం స్పష్టంగా కనబడాలని రెండడుగులు వెనక్కి వేశారు. మూడో అడుగు కాయ మీద పడింది. పడిపోతూ కూడా వాచీ నేలకు కొట్టుకోకూడదని చేతిని మెలితిప్పి మరీ పడ్డారు. వాచీ అద్దం మీద గీత కూడా లేదు. మణికట్టు ఎముక మాత్రం రెండు ముక్కలైంది.

ఆ వాచీ సంగతి తెలియనివాళ్ళు మేముండే సింగానల్లూరు చుట్టుపక్కల లేరు. ఆటోమేటిక్ వాచీ. బ్యాటరీ లేదు, కీ ఇచ్చే సౌకర్యమూ లేదు. లోపల అర్ధచంద్రంలాంటి బరువొకటి ఉంటుంది. చేయి కదిలినప్పుడల్లా అది గిర్రున తిరిగి స్ప్రింగును చుడుతుంది. చేయి కదలడం మానేస్తే ఒకటిన్నర రోజులో వాచీ ఆగిపోతుంది. ఇరవై అయిదేళ్ళ సర్వీసు పూర్తయినప్పుడు మిల్లువాళ్ళు ఇచ్చారు. ఇచ్చిన నాటి నుంచి ఒక్క సెకను కూడా ఆగలేదని మామగారి మాట. ఆ మాట ఎన్నిసార్లు చెప్పారంటే, పెళ్ళిళ్ళలో మావాళ్ళు ఆయన్ని చూడగానే బాగున్నారా అని అడగరు, నడుస్తోందా అని అడుగుతారు. ఒకసారి చావు పలకరింపుకు వెళ్ళినచోట ఎవరో అలవాటుగా అడగబోయి నాలుక కరుచుకున్నారు. ఈయన మాత్రం ఏమీ అనుకోకుండా చొక్కా చేయి పైకి లాగి చూపించారు.

పిండికట్టు వేసే గదిలో నేను పక్కనే ఉన్నాను. ఆరు వారాలు కట్టు ఉండాలని డాక్టరు చెప్పారు. ఎముక అతుక్కుంటుందా అని మామగారు అడగలేదు. ఈ కట్టు మీద వాచీ పెట్టుకోవచ్చా అని అడిగారు. కుదరదన్నారు. అప్పటిదాకా నవ్వుతూనే ఉన్న మనిషి మొహం చిన్నదైపోయింది. వాచీని నా అరచేతిలో పెట్టి, కుడిచేత్తో నా వేళ్ళు మూశారు.

“మిల్లు నిలిచిపోయె మాపిళ్ళె. సైరను నిలిచిపోయె. ఆడనించి వచ్చినదాంట్లో నడుస్తా ఉండేది ఇదొకటిదా. ఇది నిలవకూడదు.”

మా మాటల్లో మాపిళ్ళె అంటే అల్లుడు, చివర వచ్చే ‘దా’ నొక్కి చెప్పడానికి. నేను హాస్యం రాసుకునే మనిషిని. నోటి చివర ఒక జోకు సిద్ధంగా ఉంది కూడా. మింగేశాను. ఆయన మిల్లు ఉన్నచోట ఇప్పుడు ఒక బట్టల దుకాణం వాళ్ళ కార్లు నిలుపుకుంటారు. ఆ దారిన బస్సు వెళ్ళేటప్పుడు ఆయన కిటికీలోంచి బయటకు చూడరు, వాచీ చూసుకుంటారు. అది నాకు తెలుసు.

ఇంటికి రాగానే అత్తగారు విషయమంతా విని, సులువుగా ఒక దారి చెప్పింది. ఆరు వారాలు తానే కట్టుకుంటే సరిపోతుంది గదా అంది. మామగారూ నేనూ ఒకేసారి నవ్వాం. మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన సందర్భాలు చాలా తక్కువ, వాటిలో అదొకటి. అది మగవాళ్ళ వాచీ అన్నారాయన. బరువు అన్నాను నేను. రోజంతా నీళ్ళల్లో, పిండిలో చేతులు పెట్టే మనిషివి, రెండు రోజుల్లో పాడుచేస్తావు అన్నారాయన. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె వాదించకుండా వెళ్ళిపోతే భయపడాలని పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను నేర్చుకుని ఉండాల్సింది.

మొదట వాచీని మామగారి కుడిచేతికి కట్టాం. ఆ చేయి చేసే పనులు మూడే: కాఫీ గ్లాసు ఎత్తడం, అన్నం కలపడం, టీవీ రిమోటు నొక్కడం. వీటిలో రిమోటు నొక్కడానికి బొటనవేలు చాలు. రెండో రోజు సాయంత్రానికి వాచీ నీరసించి పదిహేను నిమిషాలు వెనకబడింది. పైగా అందులోంచి రసం వాసన.

తర్వాత ఊంజల్ ప్రయోగం. మా ఇళ్ళలో హాలు మధ్య గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల ఉంటుంది, దాన్నే ఊంజల్ అంటాం. మామగారి వాచీ నేను కట్టుకుని దాని మీద కూర్చుని గంటసేపు ఊగాలని తీర్మానం అయింది. ఊగాను. గంట కాదు, గంటన్నర. చివరి అరగంట గోడమీది దేవుళ్ళందరూ నాతోపాటు ఊగారు. దిగాక గడప ఎక్కడుందో తెలియక స్తంభానికి నమస్కారం పెట్టాను. తర్వాత తెలిసిందేమిటంటే, ఉయ్యాలలో మనిషీ వాచీ లోపలి బరువూ అన్నీ కలిసి ఒకే తీరుగా ఊగుతాయట, అందుకని ఆ బరువు తన చోటు నుంచి కదలదట. నా కడుపులోని ఇడ్లీలు మాత్రం శుభ్రంగా తిరిగాయి.

అప్పుడు యంత్రం తయారుచేయాలన్న మాట వచ్చింది. విదేశాల్లో డబ్బున్నవాళ్ళు తమ ఆటోమేటిక్ వాచీలను పెట్టెల్లో పెట్టి తిప్పుతారని ఫోనులో వీడియోలు చూశాను. ఆ పెట్టె ఒకటి కొనుక్కుందాం అని నోరు జారాను. కోయంబత్తూరులో అనకూడని మాట అది. ఇక్కడ వీధికొక లేతు మిషను ఉంటుంది, ఇంటికొక మోటరు ఉంటుంది, అది విప్పినవాడు ఒకడు, బిగించలేక చూస్తున్నవాడు ఇంకొకడు ఉంటారు. పెట్టెలో పెట్టి తిప్పడానికి బయట కొనాలా అని మామగారు నన్ను చూసిన చూపులో, కూతుర్ని ఎవరికిచ్చానా అన్న పశ్చాత్తాపం కూడా కొంత కనిపించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నేను పాలిటెక్నిక్‌లో పనిచేస్తాను. అక్కడ నేను చెప్పేది ఇంగ్లీషు. కానీ మా వీధిలో పాలిటెక్నిక్ అన్న మాట విన్నవాళ్ళు తర్వాతి మాట వినరు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరికి చెడిపోయిన మిక్సీలు తెస్తూనే ఉన్నారు. నేను వాటిని అటూ ఇటూ తిప్పి, కాయిలు పోయిందని చెప్పి పంపుతుంటాను. పదింటిలో ఏడింటికి నిజంగానే కాయిలు పోయి ఉండడం వల్ల నా పేరు ఈనాటికీ నిలబడి ఉంది.

అలా డిజైన్ ఇంజనీరును నేనయ్యాను. వర్క్స్ మేనేజరు మామగారు. అటక మీద ఆయన దాచుకున్న గోనెసంచి దింపించారు. అందులో సగం మిల్లు ఉంది. నూలు చుట్టే కాగితపు కోనులు, కొయ్య బాబిన్లు, స్పిండిళ్ళను, అంటే కదుళ్ళను, తిప్పే నూలుపట్టీలు, ఎందుకు పనికొస్తాయో ఆయనకూ గుర్తులేని ఇనుప ముక్కలు. మిగతా సగం దింపితే ఉత్పత్తి మొదలైపోతుందేమోనని భయమేసింది. నేను బజారుకు వెళ్ళి, పిల్లలు ప్రాజెక్టులకు వాడే చిన్న గేరు మోటరు కొన్నాను. నిమిషానికి రెండు మూడు చుట్లు తిరుగుతుంది, పాత ఫోను చార్జరు దానికి చాలు. కొబ్బరిచిప్పలో పట్టేంత మోటరు అది. దాని చుట్టూ మూడు ఆదివారాల పని ఉంటుందని నేను అనుకోలేదు.

వాచీ ఆగకూడదు కాబట్టి ఆ రోజుల్లో దాన్ని నేను కట్టుకుని తిరిగాను. క్లాసులో ఎప్పుడూ లేనంత చురుకుగా చేతులు ఊపుతూ పాఠం చెప్పాను. సార్ ఇంగ్లీషులో ఇంత ఆవేశం ఉందని ఇప్పుడే తెలిసిందని పిల్లలు అన్నట్టు నా భార్య ఎక్కడో వినివచ్చింది. ఇంట్లో ఆ ఆవేశంలో పదో వంతు చూపించి గిన్నెలు తోమితే వాచీ పదేళ్ళు నడుస్తుందని సలహా కూడా ఇచ్చింది.

మోటరును మైసూర్‌పాకు డబ్బా అడుగున బిగించాం. కాగితపు కోనును పొట్టిగా కోసి, లోపల దూది కుక్కి, దాని చుట్టూ వాచీ తొడిగాం. మోటరుకూ కోనుకూ మధ్య మిల్లు నూలుపట్టీ. ఈ భాగం పూర్తిగా మామగారిది, ఆ పట్టీ పెట్టడంలో ఆయన ఒక్క చేత్తో చేసింది నేను రెండు చేతులతో చేయలేను. అంతా అయ్యాక ఆఖరి ప్రశ్న వచ్చింది. ఏ వైపు తిప్పాలి?

నేను చదివింది చెప్పాను. కొన్ని వాచీల్లో ఆ బరువు ఎటు తిరిగినా స్ప్రింగు చుట్టుకుంటుంది, కొన్నిటిలో ఒక్క వైపు తిరిగితేనే చుట్టుకుంటుంది. మన వాచీ ఏ రకమో తెలుసుకుని తిప్పుదాం అన్నాను.

మామగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఒక మనిషికి తన జీవితం మొత్తం ఒక ప్రశ్నకు జవాబుగా కనిపించే క్షణం ఎప్పుడో గానీ రాదు. ఆయనకు అప్పుడు వచ్చింది.

“చుట్టేదేదైనా పురిదా మాపిళ్ళె. ఒంటి నూలుకు మా మిల్లులో నలభై ఏండ్లు జెడ్ పురిదా. స్పిండిలు గడియారం ముల్లు మాదిరి తిరగాల. అట్లదా తిప్పు.”

జెడ్ పురి అంటే నూలులో జెడ్ అక్షరం నడిమి గీతలా వాలే మెలిక. దూదికి పెట్టే ఆ పురికీ ఇనుప స్ప్రింగుకూ సంబంధం ఏమిటని అడగాలనుకున్నాను. కానీ ఇంగ్లీషు మాస్టరు స్పిన్నింగ్ మాస్టరుకు పురి గురించి చెప్పడమంటే, కొబ్బరికాయ ఒలిచే మనిషికి పాఠం చెప్పడమే. దాని ఫలితం పిండికట్టు రూపంలో నా ఎదురుగా కూర్చుని ఉంది. నోరు మూసుకుని తీగలు జెడ్ పురికి కలిపాను.

పెట్టె తిరిగింది. ఎలా తిరిగిందని చెప్పను. చీమ గురక పెడితే ఎంత చప్పుడవుతుందో అంత చప్పుడుతో, పెళ్ళికూతురు తల తిప్పినంత నెమ్మదిగా, మూత తీసిన డబ్బాలో వాచీ ఒకసారి తల పైకి పెట్టి, ఒకసారి తల కిందికి పెట్టి తిరిగింది. మామగారు దగ్గరికి వంగి చెవి పెట్టి విన్నారు. మొదటి స్పిండిలు తిరిగినప్పుడు మిల్లు యజమాని కూడా అంత గంభీరంగా నిలబడి ఉండడు.

ఆ రోజు నుంచి ఆయనకు డ్యూటీ దొరికింది. పొద్దున ఏడింటికి లేచి, స్నానం, టిఫిన్, మందులు అయ్యాక ఎనిమిదింటికి పెట్టె ఆన్ చేసేవారు. గంట నడిపి గంట ఆపేవారు. మోటరుకు రెస్టు ఇవ్వాలట. ఆపిన గంటలో తాను కూడా రెస్టు తీసుకునేవారు. చూడ్డానికి జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళకు జెడ్ పురి గురించి మొదటినుంచీ చెప్పేవారు. ఒకాయన మదురై నుంచి కోర్టు పని మీద వచ్చి, మామగారింట్లో పెట్టె చూసి, తన కేసు మరిచిపోయి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడంటే మీరు నమ్మరు. నేనూ పూర్తిగా నమ్మను, కానీ మామగారు అలాగే చెబుతారు.

వాచీ బ్రహ్మాండంగా నడిచింది. ఒక్క నిమిషం తేడా లేదు. నేను రోజూ కాలేజీకి వెళ్తూ వాళ్ళింట్లోకి తొంగిచూసేవాణ్ణి. రెండు చిన్న విషయాలు నా కంటబడ్డాయి గానీ, సొంత యంత్రం మీద గర్వం వల్ల బుర్రలోకి ఎక్కలేదు. మొదటిది, సాయంత్రం నేను పన్నెండు అంకె పైకి ఉండేలా పెట్టి వెళ్ళిన వాచీ, పొద్దున ఆన్ చేయకముందే తలకిందులుగా ఉండేది. మోటరు అదురుకు జారిందనుకున్నాను. రెండోది, గొలుసు పట్టీ సందుల్లో తెల్లగా ఏదో చేరేది. మామగారు దాన్ని చూసి మురిసిపోయారు. కోనులో కుక్కిన దూది, అంటే పంజు, ఎగిరి వాలుతోందన్నారు. మిల్లు రోజుల్లో ఆయన కనుబొమ్మల మీద కూడా పంజే ఉండేదట. చాలా రోజుల తర్వాత ఇంట్లో మళ్ళీ పంజు చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. తుడవనివ్వలేదు.

అత్తగారు పెట్టె వైపు చూసేదే కాదు. ఎవరన్నా అడిగితే, ఏమో, మాపిళ్ళ చేసినాడు, తిరుగుతా ఉండాది, అనేది.

ఆరు వారాలకు కట్టు విప్పారు. చేయి సన్నబడి, మునక్కాయలా ఉంది. రోజూ మణికట్టు తిప్పుతూ, చిన్నచిన్న పనులు చేస్తూ ఉండాలని, లేకపోతే బిగుసుకుపోతుందని చెప్పి పంపారు. మామగారు ఆ మాట విన్నట్టే తల ఊపారు. వినలేదు. ఆయన మనసంతా టౌన్‌హాలు వైపు ఉంది. అక్కడొక పాత వాచీ రిపేరు అంగడి ఉంది. ఆ అంగడి పెద్దాయన గతంలో ఒకసారి, చేయి కదలని వయసులో ఆటోమేటిక్ వాచీ ఎందుకు ఐయా, బ్యాటరీది కట్టుకోండి అన్నాడట. ఆ మాటకు జవాబు ఇప్పుడు మైసూర్‌పాకు డబ్బాలో ఉంది. వాచీని డబ్బాతో సహా సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు.

పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని మా యంత్రాన్ని మర్యాదగా చూశాడు. పని చాలా నీటుగా ఉందన్నాడు. నేను ఒక అంగుళం పెరిగాను. తర్వాత వాచీ వెనక మూత తీసి, లోపలి అర్ధచంద్రాన్ని వేలితో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మళ్ళీ పెట్టె వైపు చూశాడు. ఇది ఒక్క వైపే చుట్టుకునే రకం, మీ పెట్టె తిరిగేది రెండో వైపు, ఈ పెట్టెలో వాచీ ఏడాది తిరిగినా స్ప్రింగు ఒక్క చుట్టు కూడా బిగుసుకోదు అని తమిళంలో, చాలా మెల్లగా, రోగి బంధువులకు చెప్పినట్టు చెప్పాడు. నేను పెరిగిన అంగుళంతోపాటు ఇంకో రెండు అంగుళాలు తగ్గాను.

మామగారు ఒప్పుకోలేదు. ఇన్ని వారాలు నడిచింది గదా, మీ కళ్ళముందే నడుస్తోంది గదా అన్నారు. పెద్దాయన గుండుసూది తీసుకుని గొలుసు సందుల్లోంచి తెల్లటిది ఇంత గీకి, నల్లటి గుడ్డ మీద పెట్టాడు. మామగారు వెంటనే అది పంజు అని చెప్పారు. పెద్దాయన దాన్ని వేళ్ళమధ్య నలిపి వాసన చూశాడు.

“పంజు ఇల్లైంగ ఐయా. ఇడ్లి మావు.”

పంజు కాదట, ఇడ్లి పిండి. ఎండి, గట్టిపడి, వారాల తరబడి పేరుకున్న ఇడ్లి పిండి. ఇంకో సందులోంచి కోలంపొడి, అంటే ముగ్గుపిండి కూడా దొరికింది. రోజూ పొద్దున ఎవరో బాగా పనిచేసే చేతికి కట్టుకుంటున్నారు, ఆ చేయి ఎవరిదో గానీ దానివల్ల వాచీ బతికింది అన్నాడాయన. శుభ్రం చేసి, మూత బిగించి ఇచ్చాడు. బ్యాటరీ మాట ఎత్తలేదు. మంచి మనిషి.

బస్సు ఎక్కాం. మిల్లు ఉన్న చోటు దాటాం, మామగారు వాచీ చూసుకోలేదు. ఒళ్ళో మైసూర్‌పాకు డబ్బా పట్టుకుని ఎదుటి సీటు వీపు చూస్తూ కూర్చున్నారు. ఇంటి స్టాపు వచ్చేముందు మాత్రం, నాతో కాదు, తనలో తాను లెక్క తేల్చుకున్నట్టు అన్నారు.

“మిషను తిరగలే. ప్రొడక్షను వచ్చినాది. అట్లయితే ఎవరో డ్యూటీ చూసినారు.”

అత్తగారు వంటింటి గడపలో కూర్చుని సాంబారుకు చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. మామగారు చెప్పులు కూడా విడవకుండా వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు. అంత ఎత్తు మనిషి ఆ ఉల్లిపొట్టు ముందు బడిలో నిలబెట్టిన పిల్లాడిలా ఉన్నారు.

“ఈ వాచీ నువ్వు కట్టుకొంటా ఉండినావా?”

ఆమె తల ఎత్తకుండానే అవునంది. “ఆమా. నాలుగున్నరకు లేస్తా గదా. వాకిలి చిమ్మి, కోలం ఏసి, పిండి కలిపి, పాత్రలు తోమి, మీరు లేసేలోపల తుడిచి పెట్టేస్తా. మీ పెట్టెలోదా.”

“చేయి విరిగినప్పటినించా?”

“మీరు రిటైరైనప్పటినించి.”

ఉల్లిపాయ వల్ల అనుకుంటాను, నా కళ్ళలో కొంచెం మంట. మామగారు పక్కనున్న బియ్యం డ్రమ్ము మీద కూర్చున్నారు. రిటైరయ్యాక ఆయన రాత్రి వాచీ తీసి కిటికీలో పెట్టేవారు. పొద్దున కాఫీ తాగి, పేపరు చదివి, టిఫిన్ తిని, ఉయ్యాల బల్లమీద కూర్చుని లోకాన్ని సరిదిద్దేవారు. నోటితో సరిదిద్దేవారు, చేతితో కాదు. ఆ చేతితో వాచీ ఎలా నడుస్తోందని మేమెవరమూ ఎన్నడూ ఆలోచించలేదు. ఆయన కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నారు, మొహంలో కనిపిస్తోంది. చివరికి అడగాల్సినదొక్కటే మిగిలింది, అడగడానికి భయపడుతున్నారు. అడిగారు.

“ఒక్క తూరైనా నిలిచిందా?”

అత్తగారు చేతిలోని ఉల్లిపాయ పూర్తిగా ఒలిచి, గిన్నెలో వేసి, పొట్టు ఊది, అప్పుడు తల ఎత్తి ఆయన్ని చూసింది.

“లే. నిలవలే.”

మామగారు ఊపిరి వదిలిన చప్పుడు వీధిలోకి వినిపించి ఉంటుంది. పక్కింటి కుక్క చెవులు నిక్కబొడుచుకుంది.

కాసేపటికి ఆయనలో స్పిన్నింగ్ మాస్టరు మేల్కొన్నారు. మిల్లులో ఒక పద్ధతి ఉండేదట. షిఫ్టు మారేటప్పుడు మిషను ఆపకూడదు. అది తిరుగుతుండగానే దిగే మనిషి పక్కకు జరగాలి, ఎక్కే మనిషి ఆ చోట్లోకి రావాలి. ఎవరు ఏ షిఫ్టో బోర్డు మీద పేరు రాసి ఉండాలి. పేరు లేకుండా ఎవరిచేతా పని చేయించకూడదు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఒక మనిషి పేరు బోర్డు మీద లేకుండా పనిచేసింది, అది తన తప్పు అన్నారు. ఆయన నోట తప్పు అన్న మాట నేను వినడం అదే మొదలు. వెంటనే వంటింటి క్యాలెండరు మీద పెన్నుతో తమిళంలో రాశారు. ఫస్టు షిఫ్టు, పొద్దున నాలుగున్నర నుంచి రెండింటి దాకా, అత్తగారు. సెకండు షిఫ్టు, రెండు నుంచి పడుకునే దాకా, తాను. ఇక దొంగచాటు లేదు, ఆమె ఆ వాచీని అందరిముందూ కట్టుకోవాలి.

ఆ అంగడికే మళ్ళీ వెళ్ళి గొలుసుకు బిగించే, వదిలించే కొక్కెం ఒకటి పెట్టించుకొచ్చాం. అత్తగారి గాజుల పక్కన ఆ వాచీ, చెరుకు గడల పక్కన గుమ్మడికాయలా ఉంటుంది. కానీ రెండింటికి సరిగ్గా ఆమె చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వస్తుంది, ఆయన చేయి చాపుతారు, వాచీ చేతులు మారుతుంది. గుళ్ళో హారతి పళ్ళెం చేతులు మారినట్టు ఉంటుంది.

అత్తగారు ఒకే షరతు పెట్టింది. వారానికి ఒక రోజు లీవు కావాలంది. మిల్లులో ఉండేది గదా, నాకు లేదా అని అడిగింది. మామగారు ఒప్పుకోక తప్పలేదు, ఎందుకంటే ఉండేది. ఆదివారం అని క్యాలెండరు మీద రాశారు. రాశాకగానీ దాని అర్థం ఆయనకు తట్టలేదు. ఆదివారం ఫస్టు షిఫ్టు కూడా ఆయనదే. ఆ షిఫ్టులో వాచీ కట్టుకోవడమంటే కుర్చీలో కూర్చోవడం కాదు.

ఇక నా యంత్రం మాట. నూలుపట్టీని ఎనిమిది అంకెలా మెలితిప్పి వేస్తే తిరిగే వైపు మారిపోతుందని మామగారే చూపించారు. అరనిమిషం పని. ఇప్పుడు పెట్టె సరైన వైపే తిరుగుతుంది, కానీ దానికి షిఫ్టు మిగల్లేదు. ఎవరైనా సెలవు పెడితే పిలవడానికి మిల్లులో బదిలీ కార్మికులుండేవారు, నా పెట్టె ఇప్పుడు ఆ ఉద్యోగంలో ఉంది. ఇంతవరకు పిలుపు రాలేదు.

మొన్న ఆదివారం పొద్దున నేనూ నా భార్యా వెళ్ళేసరికి, మామగారు వంటింట్లో బీన్సు తరుగుతున్నారు. నూలు సన్నమో లావో తేల్చే కౌంటు చూసినట్టు ఒక్కొక్క ముక్కా వెలుతురుకు ఎత్తి చూసి, పొడుగైనదాన్ని పక్కకు తీస్తున్నారు. ఎడమ మణికట్టు ఇంకా బిగువుగానే ఉంది గానీ తిరుగుతోంది. వాకిట్లో ఆయన వేసిన కోలం ఉంది. స్కేలు పెట్టి గీసినట్టుంది, రోడ్డున పోయేవాళ్ళు అది పార్కింగ్ గీత అనుకుని బండి పెట్టడానికి చూస్తున్నారు. అత్తగారు ఉయ్యాల బల్లమీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఆయన కలిపిన కాఫీ తాగుతూ, కత్తి అట్ల కాదు, వాలుగా పట్టుకోండి అని లోపలికి కేక వేస్తోంది. అన్నీ తెలిసిన మనిషికి పాఠం చెప్పే సుఖం ఆమెకు కొత్త. తొందరగా అలవాటు చేసుకుంది.

నేను పక్కన కూర్చున్నాను. ఆమె గొంతు తగ్గించింది.

“ఒక తూరి నిలిచిపోయె, మాపిళ్ళె. ఆయన రిటైరైన మూడో నెల. సగం దినం. టీవీలో వార్తల టైము చూసి తిప్పి పెట్టేసినా. అప్పటినించిదా కట్టుకొంటా ఉండా. ఆయనతో అనొద్దు.”

అననని మాటిచ్చాను. మాట తప్పలేదు కూడా. ఇక్కడ రాయడం గురించి మీకు అనుమానం రావచ్చు. మా ఇళ్ళలో తరతరాలుగా మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది మాత్రం తమిళం, ఇంగ్లీషు. నేను ఈ అక్షరాలు నలభై దాటాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. మా మామగారికి ఇందులో ఒక్క అక్షరం కూడా రాదు. ఆయనకు తెలియకుండా ఒక మాట దాచాలంటే, ఆయన మాట్లాడే భాషలో రాసి పెట్టడమంత భద్రమైన చోటు నాకు దొరకలేదు.

లోపల్నుంచి ఆయన తొంగిచూశారు. ఏమి గుసగుస అని అడిగారు. ఏమీ లేదు, టైమెంత అని అడుగుతా ఉండా అంది అత్తగారు. ఆయన బీన్సు రసం అంటిన చేయి ఎత్తి, వాచీని వెలుతురు వైపు తిప్పి, ఎనిమిదీ ఇరవై రెండు అని చెప్పారు. చెప్పాక కూడా చేయి దించకుండా కాసేపు అలాగే చూసుకున్నారు.